నూట నలభై పేజీల్లో నీ మాటేదీ?

నిరుడు వేసవిలో మా ఆడపడుచు రెండు సూట్‌కేసులతో గుంటూరులో మా ఇంటికొచ్చింది. ఒకదాన్లో చీరలు, రెండోదాన్లో పుస్తకాలు. చీరల సూట్‌కేసు తనే దింపుకుంది. పుస్తకాలది దింపడానికి మాత్రం మా వారూ, ఆటో అబ్బాయీ కలిసి పట్టాల్సి వచ్చింది.

"వదినా, నెలన్నర నన్ను భరించాలి. డిసర్టేషన్ రాయాలి" అంది చెప్పులు విప్పుతూనే.

తనకి ముప్ఫై రెండేళ్ళు. పెళ్ళికి ముందు ఎల్.ఎల్.బి. చదివింది. పిల్లలిద్దరూ బడికెళ్ళడం మొదలయ్యాక ప్రవేశ పరీక్ష రాసి ఎల్.ఎల్.ఎమ్.లో చేరింది. రెండేళ్ళ కోర్సు, నాలుగు సెమిస్టర్లు. మిగతా పేపర్లన్నీ పరీక్ష హాల్లో మూడు గంటలు కూర్చుని రాసేవి. ఆఖరిది మాత్రం పుస్తకమంత రాసి, బైండు చేయించి, పెద్దల ముందు కూర్చుని జవాబులు చెప్పి నెగ్గుకు రావాలి. అదే డిసర్టేషన్. ఒంగోల్లో వాళ్ళింట్లో కూర్చుంటే కుక్కరు విజిల్‌కి ఒక పేరా, కాలింగ్ బెల్లుకి ఒక పేరా ఎగిరిపోతున్నాయట. పిల్లల్ని వాళ్ళ నానమ్మకి అప్పజెప్పి వచ్చేసింది.

నేను బి.ఎ. చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరినప్పుడు కథలు రాసుకునేదాన్ని. డిసర్టేషనంటే కాలేజీలో మనం రాసిన రికార్డు లాంటిదేననుకున్నాను. ముందు గది ఖాళీ చేసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, "రాసుకో తల్లీ" అన్నాను. అది మా అందరి కాళ్ళకీ చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు!

ఎందుకంటే తను తీసుకున్న విషయం, హిందూ కుటుంబాల్లో ఆడపిల్లల ఆస్తి హక్కు. మా మామయ్యగారు పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఊళ్ళో తాతల నాటి నాలుగెకరాలు ఆయన పేరునే ఉన్నాయి. "చెల్లాయి చేత ఒక సంతకం పెట్టించేస్తే మనిద్దరం రాయించుకోవచ్చు" అని మా బావగారు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఉన్నారు.

అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప

మూడు వారాల్లో తను నూట నలభై పేజీలు రాసింది. కూర తరుగుతూ నేనూ కొన్ని చదివాను. అబ్బో, ఎన్ని సంగతులో! మితాక్షర శాస్త్రం మొదలుకుని, భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో బతికున్నన్నాళ్ళూ అనుభవించే పరిమిత హక్కు ఇచ్చిన 1937 చట్టం. ఆ పరిమిత హక్కుని సంపూర్ణ హక్కుగా మార్చిన 1956 హిందూ వారసత్వ చట్టం. రాజ్యాంగంలోని 14, 15 అధికరణాలు. 2000లో లా కమిషన్ ఇచ్చిన 174వ నివేదిక. ఒక్కో అధ్యాయం ఒక్కో సెమిస్టరు నోట్సులా బుద్ధిగా వరసలో కూర్చుంది.

కాగితాలు పట్టుకుని గైడు మేడమ్ దగ్గరికెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి బ్యాగు మంచం మీద పడేసి, ముఖం కూడా కడుక్కోకుండా కూర్చుంది.

"ఏమన్నారమ్మా?"

"అన్నీ బాగున్నాయన్నారు వదినా. 'చదివినదంతా రాశావు. నూట నలభై పేజీల్లో నీ మాటేదీ?' అనడిగారు."

తనకి అర్థం కాలేదు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. నా మొదటి కథ తిరిగొచ్చినప్పుడు సంపాదకుడు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. ఆ కథలో పెళ్ళుంది, చావుంది, వరద ఉంది, వీధిలో ఉన్నవాళ్ళంతా ఉన్నారు. ముడి మాత్రం లేదు. వండిన పదార్థాలన్నీ ఒకే విస్తట్లో కుమ్మరిస్తే భోజనం అవుతుందా?

"నువ్వు అసలేం తెలుసుకోవాలని ఇది మొదలుపెట్టావు? పరీక్ష సంగతి వదిలేసి చెప్పు" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "చట్టం వాటా ఇచ్చింది కదా. మరి మన ఊళ్ళో ఏ ఆడపిల్ల చేతిలోనూ అది కనపడదే? ఎటు పోతోంది?"

"అదీ నీ ప్రశ్న. అది రాయి."

ఒక్క ప్రశ్న, అన్ని పేపర్లూ

అక్కణ్ణించి పని నడక మారిపోయింది. ఆ ఒక్క ప్రశ్ననీ ఒక తెల్లకాగితం మీద రాసి గోడకి అంటించింది. 'చట్టం ఇచ్చిన వాటా సంతకంతో వెనక్కి ఎందుకు పోతోంది?' ఇక ప్రతి పేపరునీ దాని ముందు నిలబెట్టి సాక్ష్యం అడగడమే.

కుటుంబ చట్టం చదివిన తెలివితో, హక్కు ఎప్పుడు ఎవరికి వచ్చిందో రాసింది. ఆస్తి బదిలీ, రిజిస్ట్రేషన్ చదివిన తెలివితో, ఆ హక్కు ఏ కాగితం మీద చేతులు మారుతోందో రాసింది. ఆ కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. మనవాళ్ళు రిలీజు డీడు అంటారు. వంద రూపాయలు, అంతకు పైబడిన విలువగల స్థిరాస్తి మీద హక్కు వదులుకుంటే ఆ కాగితం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఇక న్యాయశాస్త్ర సిద్ధాంతాల పేపరు చదివిన తెలివితో, తెలిసి వదులుకోవడానికీ, మొహమాటంతో వదులుకోవడానికీ తేడా ఏమిటని అడిగింది. వేరువేరుగా ఉన్నప్పుడు పొడిగా కనిపించిన పేపర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలెట్టాయి. నూట నలభై పేజీల్లో యాభై దాకా కొట్టేసింది. కొట్టేసిన రోజు రాత్రి అన్నం తినలేదు. ఆ బాధ రాసేవాళ్ళకే తెలుస్తుంది.

కొట్టేయకుండా మిగిల్చినవాటిలో తులశమ్మగారి కేసు ఒకటి. నేను ఎన్ని కథలు చదివినా ఇంతగా మనసుకి పట్టింది లేదు. భర్త పోయిన ఆమె 1944లో నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తి కోసం దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకిచ్చారు, బతికున్నంతకాలం అనుభవించడానికే, అమ్మడానికి వీల్లేదన్న షరతుతో. 1960-61లో ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మితే భర్త సవతి సోదరుడు కోర్టుకెక్కాడు. చివరికి 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కుకి బదులుగా వచ్చిన ఆ ఆస్తి 1956 చట్టంతో ఆమెకి పూర్తిగా సొంతమైపోయిందని తేల్చింది. దావా వేసిన నాటినుంచి లెక్కేస్తే ముప్ఫై మూడేళ్ళు! మనోవర్తి, రాజీ పత్రం, వారసత్వ చట్టం, సుప్రీంకోర్టు అన్నీ ఒక్క మనిషి బతుకులోనే ఉన్నాయి. "అన్ని పేపర్లూ కలిపి ఒక పేపరు రాయడమంటే ఇదేనన్నమాట వదినా" అంది మా ఆడపడుచు.

కాలెండరు వెనక లెక్క

ఒకరోజు పాలవాడి లెక్క రాసే కాలెండరు చించి, దాని వెనక మా నాలుగెకరాల లెక్క వేసి చూపించింది. మీక్కూడా పనికొస్తుందని చెబుతున్నాను.

ఆ పొలం మామయ్యగారికి అన్నదమ్ముల పంపకంలో వచ్చిన పిత్రార్జితం. నాలుగెకరాలంటే 400 సెంట్లు. 1956 చట్టం మొదట ఉన్న పద్ధతిలో ఉమ్మడి ఆస్తికి పుట్టుకతో హక్కుదారులు తండ్రీ, ఇద్దరు కొడుకులే. కాబట్టి ముందు మూడు భాగాలు. తండ్రి భాగం మాత్రం భార్యకీ, ముగ్గురు పిల్లలకీ నాలుగు సమాన వాటాలు. ఆ లెక్కన కూతురికి వచ్చేది 33 సెంట్ల చిల్లర. ఒక్కో కొడుక్కి 166 సెంట్ల చిల్లర.

ఇప్పటి పద్ధతిలో కూతురు కూడా పుట్టుకతో హక్కుదారే. ముందు నాలుగు భాగాలు, ఒక్కోటి 100 సెంట్లు. తండ్రి 100 సెంట్లూ మళ్ళీ నలుగురికీ పాతికేసి. అంటే ముగ్గురు పిల్లలకీ తలా 125 సెంట్లు, అత్తయ్యకి 25. ఎకరా పాతిక సెంట్లకీ, 33 సెంట్లకీ ఎంత తేడానో చూడండి. ఊళ్ళో మామయ్యగారు తన సంపాదనతో కట్టిన ఇంటి లెక్క వేరు. దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. రాయలేదు కాబట్టి నలుగురికీ సమానమే.

ఈ మార్పు మొదట మన రాష్ట్రంలోనే వచ్చింది. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. కానీ ఆ తేదీ నాటికి పెళ్ళికాని కూతుళ్ళకే. మా అమ్మ పెళ్ళి ఆ ఏడాది మే నెలలో జరిగింది. నాలుగు నెలల్లో తప్పిపోయింది! 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వచ్చి పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ హక్కిచ్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలని కదిలించదు. మా తాతగారి ఆస్తి 1994లోనే మేనమామల మధ్య రిజిస్టరు పంపకమైపోయింది. అమ్మకి రెండోసారీ తప్పిపోయింది. ఇన్నాళ్ళూ 'అదృష్టం' అనుకున్నదానికి రెండు తేదీలున్నాయని ఆ రోజు తెలిసింది నాకు.

2005 తర్వాత కూడా తగువు తీరలేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలని సుప్రీంకోర్టు 2015లో ఒక తీర్పిచ్చింది. 2018లో మరో తీర్పు వేరే దారి తొక్కింది. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తులు వినీతా శర్మ కేసులో, హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి అప్పటికి బతికి ఉండనక్కర్లేదని తేల్చారు. 'ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం' అంటే కూడా చాలదు, దానికి గట్టి రుజువుండాలన్నారు.

కాలెండరు మీద లెక్క చూస్తూ నా మనసులో ఇంకో లెక్క వేసుకున్నాను. దాచుకోవడమెందుకు? తను సంతకం పెట్టేస్తే తన 125 సెంట్లలో 62న్నర మాకు కలుస్తాయి. మా అమ్మాయి పదో తరగతి. పైచదువులకి ఆ పొలం మీదే కన్నేసుకుని ఉన్నాం. వదినగా ఒక లెక్క, కూతురుగా ఒక లెక్క. రెండూ నా బుర్రలోనే!

ఏడో స్త్రీ

పుస్తకాల్లో దొరకని భాగం ఒకటుంది. సంతకాలు పెట్టిన ఆడవాళ్ళని కలిసి అడగాలి. పేర్లు రాయకూడదు, ముందు ఒప్పుకోలు తీసుకోవాలి, చెప్పింది చెప్పినట్టే రాసుకోవాలి అని గైడు మేడమ్ షరతులు పెట్టారు. ఎండలో గొడుగేసుకుని ఇద్దరం తిరిగాం. దస్తావేజులు రాసే ఒక పెద్దాయన, "ఆడపిల్లలు కాగితం చదవరమ్మా. ఎక్కడ పెట్టాలని మాత్రం అడుగుతారు" అన్నాడు. ఒకావిడ "కట్నం ఇచ్చారుగా, ఇంకా ఏమడుగుతాం?" అంది. దానికి మా ఆడపడుచు తన కాగితంలో రాసుకున్న మాట ఇది: 1961 నుంచీ కట్నం నేరం. నేరం చేశాం కాబట్టి వాటా చెల్లిపోయిందని చెప్పడం ఏ న్యాయం?

ఆరుగురయ్యారు. ఒక రాత్రి గిన్నెలు సర్దుతుంటే నా వెనకాల నిలబడి, "వదినా, నిన్నూ అడగనా?" అంది.

నేనూ పెట్టాను సంతకం. పన్నెండేళ్ళ క్రితం, నాన్న పోయిన ఏడాది. తమ్ముళ్ళిద్దరూ కొత్త చీర తెచ్చారు. రిజిస్ట్రారాఫీసు చెట్టు కింద కుర్చీ వేశారు. ఎవరూ బలవంతపెట్టలేదు. చదవమనీ అనలేదు. నేను అడగనూ లేదు.

"ఎందుకు పెట్టావు?"

"పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనని" అన్నాను. అంతవరకూ ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు.

తను రాసుకుంది. డిసర్టేషన్‌లో నేను 'ఏడో స్త్రీ'ని. పేరు లేదు, ఊరు లేదు. అచ్చయిన నా కథలన్నిట్లోకీ నిజమైన వాక్యం అదేనేమో!

శుక్రవారం మంచిది

సరిగ్గా సమర్పించాల్సిన వారంలోనే బావగారు ఫోన్ చేశారు. "శుక్రవారం మంచి రోజు. కాగితాలు సిద్ధం. అమ్మాయిని తీసుకొచ్చెయ్యండి."

మా వారు ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. లోపల తను ప్రింటు కాగితాలు వరస పెడుతోంది. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని నేను పప్పు తిరగమోత మాడబెట్టాను.

"చిన్నన్నయ్యా, ఇప్పుడు సంతకం పెట్టి, సోమవారం ఈ పుస్తకం ఇస్తే నాకు నవ్వొస్తుంది" అంది తను. గొంతు వణికింది. "మీరు వద్దని కాదు. పెద్దన్నయ్యని కూర్చోబెట్టి, అమ్మ ముందర, లెక్కంతా చదివి పంచుకుందాం. తర్వాత నేను ఏమైనా ఇవ్వాలనుకుంటే నా వాటా తెలిసే ఇస్తాను. తెలియకుండా ఇస్తే అది ఇవ్వడం కాదు."

మా వారు ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆయన గోడ మీది కాగితం ముందు చాలాసేపు నిలబడి ఉండటం చూశాను. పొద్దున్నే అన్నగారికి ఫోన్ చేసి, "శుక్రవారం వద్దులే" అన్నారు. అంతే. ఎందుకని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బావగారు మాత్రం ఆ మాటకి రెండు నెలలు మాతో మాట్లాడలేదు.

నీలం అట్ట పుస్తకం

సోమవారం పుస్తకం వెళ్ళింది. ముదురు నీలం అట్ట, బంగారు అక్షరాలు, 96 పేజీలు. దానికి ముందు ఇంకో గండం. ఎక్కణ్ణించైనా ఎత్తి రాశారేమోనని కంప్యూటర్లో సరిచూస్తారు. 2018లో యూజీసీ పెట్టిన నియమాల ప్రకారం పది శాతం లోపు పోలిక ఉంటే శిక్ష లేదు. తనది గట్టెక్కింది. ఎక్కదు మరీ! సగం మాటలు మా చుట్టుపక్కల ఆడవాళ్ళవి, ఇంకే పుస్తకంలో దొరుకుతాయి?

వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దాయన అంతా విని, ఆఖర్న "మీరు సంతకం పెట్టారా?" అనడిగారట. "లేదండీ. ముందు లెక్క చదువుతున్నాం" అందట. ఆయన నవ్వి, సున్నా చుట్టిన పెన్ను మూసేశారట. పాసైంది.

ఇంట్లో పంపకం ఇంకా కాలేదు. బావగారు మొన్న సంక్రాంతికి రాలేదు. అత్తయ్య ఒక్కోసారి "ఎందుకమ్మా ఇదంతా" అంటుంది, ఒక్కోసారి "నా పాతిక సెంట్లు ఎటువైపు?" అనడుగుతుంది. ఆ రెండో ప్రశ్న ఆవిడ నోట మొదటిసారి విన్నాను నేను.

ఇలాంటి పెద్ద రాతపని నెత్తినేసుకున్న చెల్లెళ్ళకి, మా ముందు గదిలో చూసి నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. రాయడానికి ముందు మీ ప్రశ్నని ఒక్క వాక్యంలో వంటింట్లో ఉన్నవాళ్ళకి చెప్పి చూడండి. వాళ్ళకి అర్థం కాకపోతే మీకూ ఇంకా కాలేదన్నమాట. ప్రతి అధ్యాయాన్నీ 'నువ్వు నా ప్రశ్నకి ఏం జవాబిస్తావు' అని అడగండి. జవాబివ్వని అధ్యాయం ఎంత బాగున్నా తీసి పక్కన పెట్టండి. చదివిన ప్రతిదానికీ ఎక్కడ చదివారో ఆ రోజే రాసి పెట్టుకోండి. ఆఖరి వారం వెతుక్కుంటే ప్రాణం పోతుంది. చదవడానికి ఒక బయటి మనిషిని పెట్టుకోండి. తల్లో, వదినో, పక్కింటావిడో, ఎవరైనా సరే.

ఇక చదువులూ పేపర్లూ లేని మనలాంటివాళ్ళకి ఒకే మాట. రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజుని, మోసమో బలవంతమో ఉందని రుజువైతే తప్ప, తర్వాత బాధపడి తిరగతోడలేం. నాది తిరగతోడలేను, తోడాలనీ లేదు. తమ్ముళ్ళు మంచివాళ్ళే. కానీ మొన్న బీరువా సర్దుతుంటే ఆ దస్తావేజు నకలు కనిపించింది. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి కూర్చుని చదివాను. చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.